ప్రతిసారీ బయర్న్ మ్యూనిక్ క్లబ్బే గెలిచే బుండెస్‌లీగాలో (జర్మనీ ఫుట్‌బాల్ లీగ్) చూడ్డానికి ఏముంటుంది?

ప్రశ్న అడిగినాయన కింద ఇంకో మాట కూడా రాశారు: "పదకొండేళ్లు వరసగా ఒకే టీమ్ కప్పు ఎత్తింది, క్లైమాక్స్ ముందే తెలిసిన సినిమా కదండీ?" అని. ఆ పదకొండోసారి, అంటే 2022-23 సీజన్‌లో, నేను జర్మనీలోని డోర్ట్‌ముండ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. అందుకే ఈ జవాబు రాయకుండా ఉండలేకపోతున్నా.

నేను పుట్టు ఫుట్‌బాల్ పిచ్చివాణ్ణేమీ కాదు. ఖమ్మంలో పెరిగాను, చిన్నప్పటి నుంచి క్రికెట్టే లోకం. అక్కడికి వెళ్లకముందు నాకు తెలిసిందల్లా 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకీ డోర్ట్‌ముండ్ క్లబ్‌కీ ఏదో ఒప్పందం కుదిరిందని, అంతే. ఈ లీగ్‌లో పద్దెనిమిది టీములు, ఒక్కో టీముకి 34 మ్యాచ్‌లు. టైటిల్‌కి ప్లేఆఫ్‌లు లేవు, ఫైనల్ లేదు. ఐపీఎల్‌కి అలవాటుపడ్డ కళ్లకి మొదట్లో ఉప్పులేని పప్పులా అనిపిస్తుంది. ఆగస్టులో పోగొట్టుకున్న పాయింటుకి మే నెలలో వడ్డీతో సహా కట్టాలని తెలిశాక గానీ దాని రుచి తెలియదు. నాకు ఆ రుచి తెలిసిన రోజు 2022 ఆగస్టు 20.

నేను పార్ట్‌టైమ్‌గా గిన్నెలు తోమే రెస్టారెంట్‌లో వంటాయనకి సీజన్ టికెట్ ఉంది. ఆ శనివారం వాళ్లింట్లో పెళ్లి. టికెట్ నా చేతిలో పెట్టాడు. దక్షిణం వైపు స్టాండ్, దాన్నే జ్యూట్‌ట్రిబ్యూన అంటారు. పాతికవేల మంది దాకా నిలబడే చూస్తారు. అవతలి టీమ్ వెర్డర్ బ్రెమెన్, ఆ ఏడాదే కింది డివిజన్ నుంచి పైకి వచ్చింది. డోర్ట్‌ముండ్ తరఫున బ్రాండ్ట్ ఒకటి, గెరేరో ఒకటి కొట్టారు. 2-0. ఎనభై ఏడో నిమిషంలో నేను గడియారం చూసుకున్నా. ఆరింటికి షిఫ్టు. అన్ని వేల మంది ఒకేసారి రైలెక్కితే నా పని అయిపోయినట్టే. మెల్లగా మెట్లు దిగి వచ్చేశాను.

స్టేషన్‌కి నడుస్తుంటే వెనక నుంచి అరుపు వినిపించింది. మూడోది కొట్టారు కాబోలు అనుకున్నా. ప్లాట్‌ఫాం మీద పసుపు జెర్సీ వేసుకున్న ఒకావిడ ఫోన్ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తొంగి చూశాను. 2-3. యాప్ పాడైందేమో అనుకుని నా ఫోన్ తీశాను. అందులోనూ 2-3. 89లో ఒకటి, తొంభై నిమిషాలు దాటాక కలిపే ఇంజురీ టైమ్‌లో రెండు. నేను మెట్లు దిగినంతసేపట్లో మూడు పాయింట్లు ఆవిరైపోయాయి. సోమవారం వంటాయన నాతో మాట్లాడలేదు, నేను బయటికి రావడం వల్లే ఓడిపోయారన్నట్టు. (మ్యాచ్ నడుస్తుండగా సీట్లోంచి లేస్తే వికెట్ పడుతుందని మా నాన్న అంటారు. ఈ నమ్మకం మనకొక్కరికే ఉందనుకునేవాణ్ణి.)

అప్పటి నుంచి స్టేడియం వైపు వెళ్లలేదు. మా వీధి చివర పాతకాలపు బార్ ఒకటి ఉంది, వాళ్ల భాషలో క్నైపె. అక్కడే చూసేవాణ్ణి. కౌంటర్ పక్కన గోడకి ఒక అట్ట పట్టిక వేలాడేది. కిక్కర్ అనే పత్రిక ప్రతి సీజన్ మొదట్లో ప్రత్యేక సంచికతో ఇస్తుంది దాన్ని. అట్టలో వరసగా చీలికలు ఉంటాయి. ఒక్కో క్లబ్బు గుర్తుతో చిన్న అట్టముక్క. వారం వారం ఫలితాలను బట్టి ముక్కలు పీకి కొత్త స్థానంలో గుచ్చాలి. ఫోన్‌లో ఒక్క వేలితో దొరికే పట్టికకి ఈ తంటా ఎందుకని అడిగితే నన్ను వింతగా చూశారు. ఆ ముక్కల్ని ముట్టుకునే హక్కు ఒక్క పెద్దాయనకే ఉండేది. రిటైరైన ఉక్కు కార్మికుడు. నేను మనసులో తాతగారు అనుకునేవాణ్ణి, ఆయన నన్ను 'యుంగె' అని పిలిచేవాడు, అంటే మన 'అబ్బాయి' అన్నట్టు.

శీతాకాలంలో ఖతార్ వరల్డ్‌కప్ కోసం లీగ్ రెండు నెలలు ఆగిపోయింది. అప్పటికి డోర్ట్‌ముండ్ ఆరో స్థానంలో, బయర్న్‌కి తొమ్మిది పాయింట్లు వెనక ఉంది. ఇక ఆశలు వదిలేసుకున్నారు. జనవరిలో సెబాస్టియన్ హాలర్ తిరిగొచ్చాడు. జులైలో క్లబ్బులో చేరిన కొద్దిరోజులకే వృషణాల క్యాన్సర్ అని తేలింది, కీమోథెరపీ, ఆపరేషన్లు అయ్యాయి. ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడే, ఫ్రైబుర్గ్ మీద లీగ్‌లో మొదటి గోల్ కొట్టాడు. ఆ రోజు బార్‌లో ఏడవని మగాడు లేడు. అక్కడి నుంచి టీమ్ దూసుకుపోయింది. బయర్న్ ఆందోళనపడి మార్చిలో కోచ్ నాగెల్స్‌మన్‌ని తీసేసి టుకెల్‌ని తెచ్చుకుంది. ఆ టుకెల్ ఒకప్పుడు డోర్ట్‌ముండ్ కోచే. మొదటి మ్యాచే డోర్ట్‌ముండ్‌తో. డోర్ట్‌ముండ్ గోల్‌కీపర్ కోబెల్ దూరం నుంచి వచ్చిన బంతిని తన్నబోయి తప్పాడు, అది నేరుగా గోల్‌లోకి దొర్లింది. బయర్న్ 4-2తో గెలిచింది.

ఏప్రిల్ 15, స్టుట్‌గార్ట్. మళ్లీ 2-0 ఆధిక్యం. పైగా ఫస్టాఫ్‌లోనే వాళ్ల ఆటగాడికి రెడ్ కార్డ్, పదిమందితో ఆడుతున్నారు. 2-2 చేశారు. ఇంజురీ టైమ్‌లో రేనా 3-2 చేస్తే నేను టేబుల్ ఎక్కాను. నేను దిగేలోపు 97వ నిమిషంలో 3-3. మరో రెండు వారాలకి బోఖుమ్‌లో 1-1. డోర్ట్‌ముండ్ ఆటగాడు అదెయెమీని పెనాల్టీ బాక్సులో పడగొడితే రిఫరీ పెనాల్టీ ఇవ్వలేదు. తర్వాత తప్పేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే పాయింట్లు వస్తాయా?

బయర్న్ మాత్రం తక్కువ తిందా? మైన్జ్‌లో 1-3తో ఓడింది. చివరి వారానికి ముందు సొంత గడ్డ మీద లైప్‌జిగ్ చేతిలో మళ్లీ 1-3. మర్నాడు డోర్ట్‌ముండ్ ఆగ్స్‌బుర్గ్‌లో 3-0తో గెలిచింది. ఇంకొక్క మ్యాచ్ మిగిలుండగా డోర్ట్‌ముండ్ 70, బయర్న్ 68. ఆ రాత్రి వీధుల్లో హారన్లు ఆగలేదు. తాతగారు నల్లపసుపు ముక్కని తీసి మొదటి చీలికలో పెట్టాడు. కానీ సగమే గుచ్చాడు. పైకి తేలుతూ ఉంది. పూర్తిగా నొక్కండి అన్నాను. "ఇంకో శనివారం ఉంది, యుంగె" అన్నాడు.

2023 మే 27. షిఫ్టు మార్పించుకున్నా. మూడున్నరకి మ్యాచ్ అయితే పదకొండింటికే బార్ నిండిపోయింది. రెండు టీవీలు: ఒకదాంట్లో డోర్ట్‌ముండ్–మైన్జ్, రెండోదాంట్లో కొలోన్–బయర్న్. మైన్జ్ అంతకుముందు నాలుగు మ్యాచ్‌లూ వరసగా ఓడింది. డోర్ట్‌ముండ్ ఆ ఏడాది జనవరి నుంచి సొంత గ్రౌండ్‌లో ఆడిన లీగ్ మ్యాచ్‌లన్నీ గెలిచింది. గెలిస్తే చాలు, 2012 తర్వాత మళ్లీ టైటిల్. డ్రా అయితే మాత్రం బయర్న్ గెలవకూడదు. పాయింట్లు సమానమైతే గోల్ తేడా చూస్తారు, మన నెట్ రన్ రేట్ లాగా. అందులో బయర్న్ చాలా పైన ఉంది.

పదిహేనో నిమిషంలో మైన్జ్ గోల్. కాసేపటికి పెనాల్టీ దొరికింది, హాలరే తీసుకున్నాడు. కీపర్ ఆపేశాడు. ఇరవై నాలుగో నిమిషంలో 0-2. అవతలి టీవీలో బయర్న్ ఎప్పుడో కొట్టేసింది. సెకండాఫ్‌లో గెరేరో ఒకటి తగ్గించాడు. బార్‌లో ఎవరూ తాగట్లేదు, గ్లాసుల్లో నురగ దిగిపోయింది. నాకు ఒంటేలు తన్నుకొస్తోంది. లేవలేదు. ఆగస్టు గుర్తుంది మరి.

ఎనభై ఒకటో నిమిషంలో కొలోన్‌కి పెనాల్టీ, 1-1. బార్ పేలిపోయింది. అసలు లెక్క చూడండి: డోర్ట్‌ముండ్ 1-2తో ఓడిపోతోంది, అయినా 70 పాయింట్లు. బయర్న్ డ్రా చేసుకుంటోంది, 69. అంటే ఓడిపోతూనే ఛాంపియన్లు! ఎవరో తెలియని మనిషి నన్ను ఎత్తుకున్నాడు. ఎనిమిది నిమిషాలు అలా నడిచింది. ఆ ఎనిమిది నిమిషాల కోసం నేను ఈ లీగ్‌ని ఎన్నేళ్లైనా చూస్తాను. 89లో రెండో టీవీలో ముసియాలా కాలు కదిలింది. 2-1. దాని ముందు కూర్చున్నవాళ్లు చూశారు, మొదటి టీవీ ముందున్నవాళ్లకి తెలియదు. నిశ్శబ్దం ఆ మూల నుంచి ఈ మూలకి నడిచి రావడం కళ్లారా చూశాను. 96వ నిమిషంలో జూలె కొట్టి 2-2 చేశాడు. ఇంకొకటి కావాలి. టైమ్ అయిపోయింది. ఇద్దరికీ 71 పాయింట్లే. బయర్న్ గోల్ తేడా 54, డోర్ట్‌ముండ్‌ది 39.

టీవీలో కోచ్ టెర్జిచ్ ఆ స్టాండ్ ముందు నిలబడి ఏడుస్తున్నాడు. ఊరికి దగ్గర్లో మెండెన్‌లో పుట్టినవాడు, చిన్నప్పుడు అదే క్లబ్బు అభిమాని. ఎవరూ తిట్టలేదు. పాడారు.

అందరూ ఆ పెనాల్టీ గురించే మాట్లాడతారు, హాలర్‌దే తప్పన్నట్టు. నా లెక్క వేరు. కావాల్సింది ఒక్క పాయింటు. బ్రెమెన్‌తో ఆరేడు నిమిషాల్లో పోయినవి మూడు, పదిమందితో ఆడిన స్టుట్‌గార్ట్ దగ్గర రెండు. టైటిల్ మే నెలలో పోలేదండీ, నేను మెట్లు దిగుతున్నప్పుడే పోయింది. మీరు పట్టిక తెరిచి చూస్తే 'బయర్న్, మళ్లీ' అనే కనిపిస్తుంది, నిజమే.

జనం చాలావరకు వెళ్లిపోయాక తాతగారు లేచాడు. సగం గుచ్చిన పసుపు ముక్క చేతికి ఇట్టే వచ్చేసింది. ఎర్ర ముక్క పైన పెట్టి, పసుపుదాన్ని రెండో చీలికలో ఈసారి అడుగుదాకా నొక్కాడు. తర్వాత పట్టిక కిందికి వంగి పదిహేడో చీలికలోంచి ఒక నీలం ముక్క తీశాడు. షాల్కె, పక్క ఊరి బద్ధశత్రువులు. ఆ రోజే లైప్‌జిగ్‌లో ఓడి కింది డివిజన్‌కి పడిపోయారు. అది ముందు నుంచీ పదిహేడులోనే ఉంది, కదిపే పనే లేదు. అయినా ఆయన దాన్ని చొక్కాకి తుడిచి, మిగిలినవాళ్లందరికీ ఒకసారి చూపించి, మళ్లీ అక్కడే గుచ్చాడు. దానికి మాత్రం చప్పట్లు పడ్డాయి.