సముద్రం లేని హైదరాబాద్‌లో పెరిగినవారు తిమింగలాల శాస్త్రవేత్త కాగలరా?

కాగలరు, తీరంలో పుట్టి పెరగడం ఈ వృత్తికి షరతు కాదు. తిమింగలం ఎక్కువ సమయం నీటి అడుగునే ఉంటుంది కాబట్టి, కళ్లతో చూసి తెలుసుకునేది తక్కువ. శాస్త్రవేత్తలు పడవల మీద తిరిగి శబ్దాలు, ఫొటోలు, చర్మపు ముక్కలు సేకరించుకొస్తారు. ఆ తర్వాత నెలల తరబడి పని ఒడ్డునే. హంప్‌బ్యాక్ తిమింగలం తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి. ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చి, ఏది ఎక్కడెక్కడ తిరిగిందో తేలుస్తారు.

రోజర్ పేన్‌నే తీసుకోండి. అమెరికా శాస్త్రవేత్త, రచయిత. ఆయన మొదట పరిశోధించింది గుడ్లగూబ మీద: చీకట్లో చెవులతోనే ఎలుకను ఎలా పట్టుకుంటుందని! తరువాత బెర్ముడా దగ్గర ఒక ఇంజినీరు రికార్డు చేసిన తిమింగలాల ధ్వనులు విన్నారు. వాటిని కాగితంపై గీతలుగా పరిచి చూస్తే అవే వరసలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అవి ఉత్త అరుపులు కావు, పాటలని తోటి పరిశోధకుడు స్కాట్ మెక్‌వేతో కలిసి 1971లో ప్రకటించారు.

డాల్ఫిన్లతో ఈదడమే ఈ ఉద్యోగం అన్నది చాలామంది అపోహ. ఈత వస్తే మంచిదే, గణాంకశాస్త్రం రాకపోతే మాత్రం కష్టం. ఆ మాటకొస్తే, దేశమంతటి మత్స్యకారులకు సముద్ర సమాచారం పంపే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోనే. ఇదే నగరంలో, అత్తాపూర్‌లో ఉన్న సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ప్రయోగశాల చిన్న మాంసపు ముక్కలోని డీఎన్ఏతో అది ఏ జంతువుదో చెప్పేస్తుంది.