నైట్రో ఫినిష్ వేయిస్తే ఎలక్ట్రిక్ గిటార్ టోన్ మారుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో ఒక స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్ కొన్నారు. దాని మీద మందంగా పాలియెస్టర్ ఫినిష్ ఉంది. "పాలీ చెక్కకి ఊపిరాడనివ్వదు, అది గీకించి నైట్రో కొట్టించు, టోన్ ఎక్కడికో వెళ్తుంది" అని ఎవరో చెప్పి 14 వేలు అడిగారు. నైట్రో అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్, థిన్నర్‌తో కొట్టే ఒక రకం పాలిష్. వేయించాలా వద్దా?

టోన్ కోసమైతే వద్దు. అందం కోసమో, చేతికి తగిలే తీరు కోసమో అయితే మీ ఇష్టం. నేను ఇదే పని వలసరవాక్కంలో ఒక పాలిష్ మేస్త్రీతో చేయించుకున్నాను.

నాది నల్ల రంగు గిటార్. హీట్ గన్ పట్టి గీకుతుంటే పాలియెస్టర్ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఒక పెచ్చుని కాలిపర్‌తో కొలిస్తే 0.7 మి.మీ. ఉంది. స్ట్రాట్ బాడీ మందం సుమారు 45 మి.మీ. కాబట్టి చెక్కతో పోలిస్తే ఆ పొర ఏ మాత్రమో మీరే చూసుకోండి. కింద చెక్క ఒకే పలక కూడా కాదు, ముక్కలు అతికించినది. ఒక మూల లప్పం పెట్టి కప్పేశారు. అంత ముదురు రంగు ఎందుకు వేశారో అప్పుడు తెలిసింది. మీ గిటార్‌కి కూడా సాలిడ్ కలర్ ఉంటే, గీకాక చెక్క కనిపించేలా సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగు) వేయించాలన్న ఆశ ముందే పెట్టుకోకండి.

విప్పే ముందు కొత్త తీగలు వేసి, మూడు పికప్‌ల (తీగల కింద ఉండే అయస్కాంతపు కాయిళ్ల) ఎత్తూ కొలిచి రాసుకుని, ఆంప్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి కొన్ని ముక్కలు రికార్డు చేశాను. నైట్రో గట్టిపడ్డాక అదే కంపెనీ, అదే గేజ్ (మందం) కొత్త తీగలు, అవే ఎత్తులు, అదే కేబుల్‌తో మళ్లీ రికార్డు చేశాను. పేర్లు తీసేసి రెండు ఫైళ్లూ మా బ్యాండ్ వాళ్లకి వినిపించాను. ఎవరికీ తేడా పట్టుబడలేదు. మా బేస్ ప్లేయర్ ఒక్కడే "ఇదే నైట్రో, ఎంత వార్మ్‌గా ఉందో చూడు" అని పందెం కాశాడు. అది పాలీతో తీసినది. బిర్యానీ వాడి చేతే పెట్టించాం.

మరి ఫినిష్ మార్చిన వాళ్లలో చాలామంది టోన్ మారిందని ఎందుకంటారు? అబద్ధం చెప్పరు, నిజంగానే మారుతుంది. ఫినిష్ మార్చాలంటే గిటార్ మొత్తం విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు పాత తీగలు పోయి కొత్తవి వస్తాయి. నెక్ స్క్రూలు గట్టిగా పడతాయి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) సర్దుకుంటుంది, పికప్‌లు ఒక మిల్లీమీటరు పైకో కిందకో కూర్చుంటాయి. ఆ ఒక్క మిల్లీమీటరు చేసే మార్పు ఏ లాకరూ చేయలేదు. కానీ డబ్బు పోసింది లాకర్ మీద కాబట్టి పేరు దానికి పోతుంది.

సాలిడ్ బాడీ గిటార్‌లో పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు. దాని అయస్కాంతం పైనున్న ఉక్కు తీగ కదిలితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది, ఆంప్‌కి వెళ్లేది అదే. తీగ శక్తిలో కొంత బ్రిడ్జ్ ద్వారా, నెక్ ద్వారా చెక్కలోకి పోతుంది, కాబట్టి బాడీకి అసలు పాత్రే లేదని అనను. మైనం పట్టించని పాత పికప్ అయితే బాడీ మీద వేలితో కొట్టినా ఆంప్‌లో వినిపిస్తుంది. కానీ ఆ చెక్క మీద పూసిన అర మిల్లీమీటరు పొర దాకా వచ్చేసరికి చెవికి దొరికేది దాదాపు ఏమీ మిగలదు.

వీణ సంగతి వేరు. పనస చెక్క తొలిచి చేసిన కుండే అక్కడ నాదాన్ని గాలిలోకి పంపాలి. అకూస్టిక్ గిటార్ పైపలకా అంతే, పల్చగా ఉండి కంపించాలి. వాటి మీద మందంగా పాలియెస్టర్ పోస్తే పలక బిగుసుకుంటుంది, అక్కడ ఫినిష్ గురించి పట్టించుకోవడం న్యాయమే. ఎలక్ట్రిక్‌కి అదే సూత్రం అంటగట్టడంతోనే ఈ గొడవంతా. మన పాలకొల్లు నుంచి చెన్నై వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల బదులు ఒంటి తీగలు, నాలుగుకి బదులు అయిదు పెట్టుకున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక గమకాలన్నీ పలికించారు. ఆయన వాద్యం గురించి ఎవరు మాట్లాడినా ఆ మార్పుల గురించే చెప్తారు. దాని మీద ఏ వార్నిష్ ఉందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"పాత ఫెండర్లన్నీ నైట్రోనే కదా" అని కూడా మీకు చెప్పే ఉంటారు. సగమే నిజం. 1960ల్లోనే ఫెండర్ నైట్రో కింద గట్టిపడే సీలర్ వాడింది. కస్టమ్ రంగులు కార్ల పెయింట్లు: ఫియస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది. డ్యూపాంట్ వాళ్ల డ్యూకో నైట్రో అయితే, వాళ్లదే లూసైట్ అక్రిలిక్. అంటే లక్షలు పలికే గిటార్లలో కొన్నింటి మీద రంగు నైట్రోనే కాదు. పైగా నైట్రో కూడా ప్లాస్టిక్ పొరే. ఆ పొర కింద చెక్క ఊపిరి పీలుస్తుందనేది అమ్మేవాళ్ల మాట.

ఇక చెన్నై సంగతి, మీకు అసలు ఖర్చు పెట్టించేది ఇదే. నైట్రో ఆరేది థిన్నర్ ఆవిరైపోవడం వల్ల. థిన్నర్ వేగంగా ఎగిరిపోతుంటే పొర చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే నీరు పట్టి తెల్లగా మసకబారుతుంది. ఇంగ్లిష్‌లో బ్లషింగ్ అంటారు, మా మేస్త్రీ "పాలు విరిగినట్టయింది సార్" అన్నాడు. ఆయనది సూళ్లూరుపేట, ఎన్‌సీ లాకర్ (అంటే నైట్రోనే), పీయూ (పాలీయురేథేన్), మెలమైన్ అన్నీ చేయి తిరిగిన మనిషి. ఆలస్యంగా ఆరే థిన్నర్ కలిపి మళ్లీ ఒక కోటు కొట్టి సరిచేశాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నైట్రో పని అసలు ఒప్పుకోనని చెప్పాడు. ఆ తర్వాత పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది. ఆ లోపు స్టాండ్ మీద పెడితే రబ్బరు మచ్చ ఖాయం. గట్టిపడ్డాక కూడా కొన్ని రకాల రబ్బరు, రెగ్జిన్ తగిలితే నైట్రో మెత్తబడి అంటుకుంటుంది. నా స్టాండ్‌కి నూలు గుడ్డ చుట్టి ఉంచాను.

నైట్రోకి ఒక గొప్ప గుణం ఉంది, అది ఒప్పుకోవాలి: కొత్త కోటు పాత కోటుని కరిగించి అందులో కలిసిపోతుంది, కాబట్టి గీత పడ్డ చోట అతుకు కనిపించకుండా బాగుచేయొచ్చు. పాలియెస్టర్‌కి ఆ వెసులుబాటు లేదు. హార్డ్‌నర్ కలిపే పీయూ చేయిస్తే మేస్త్రీ చేత సరైన మాస్క్ పెట్టించండి. అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, ముఖానికి చేతిరుమాలు కట్టుకుంటే ఆగదు.

మీ స్థానంలో నేనైతే ముందు తీగలు మారుస్తాను. తర్వాత పికప్ ఎత్తు చూస్తాను: వింటేజ్ తరహా సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న పికప్) అయితే చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, లావు తీగ వైపు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి స్వరం వణుకుతుంది. చవక గిటార్లలో పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి) నాసిరకంవి ఉంటాయి, సింగిల్ కాయిల్‌కి 250కే (కిలో ఓమ్‌ల) మంచివి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో వెతకండి. చెమటకి నెక్ జిగటగా ఉందనేదే మీ బాధైతే, నెక్ వెనక భాగాన్ని పెయింట్ కొట్లో దొరికే బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో నిలువుగా రుద్దండి, మెరుపు పోయి చెయ్యి జారుతుంది. స్టీల్ వూల్ వాడొద్దు, దాని పొడి పికప్‌లకి పట్టుకుంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా రంగు మీద మనసుంటే ఫిబ్రవరిలో మేస్త్రీని పిలవండి. పిక్‌గార్డ్ విప్పగానే వైరింగ్‌ని ఫోన్‌లో దగ్గరగా ఫోటో తీసుకోండి, ఏ వైరు ఏ కాలికి వెళ్లిందో తర్వాత గుర్తుండదు.