కాలేజీలో చేరకముందే ప్లేస్‌మెంటా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే గొడవ గురించి. అమెరికా కాలేజీల్లో కొత్తగా చేరేవాళ్లకి పెట్టే ప్లేస్‌మెంట్ టెస్టు. అందుకని మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈ నాలుగే తీసుకున్నాను.

ప్రశ్న: మా మనవడు డల్లాస్‌లో హైస్కూలు పూర్తి చేసి అక్కడే కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కోర్సులుండే స్థానిక కాలేజీ) చేరుతున్నాడు. మొన్న ఫోన్లో ‘తాతా, రేపు నాకు ప్లేస్‌మెంట్ టెస్టు’ అన్నాడు. కాలేజీ గడప తొక్కకుండానే ఉద్యోగం పరీక్షేమిటి? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. – ఓ తాతగారు, తెనాలి

జవాబు: తాతగారూ, మీ తప్పేం లేదు. మన దగ్గర ప్లేస్‌మెంట్ అంటే ఫైనలియర్లో కంపెనీ వాళ్లు వచ్చి పట్టుకుపోవడమే. అక్కడ ఈ మాటకి అర్థం వేరు, కుర్రాణ్ణి ఏ క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చుకోవడం. లెక్కల్లో ఎంత వచ్చు, ఇంగ్లిష్ చదివి ఎంత అర్థం చేసుకోగలడు, నాలుగు పేరాలు తిన్నగా రాయగలడా, ఇంతే చూస్తారు.

టెక్సస్‌లో దీన్ని టీఎస్ఐ అంటారు, టెక్సస్ సక్సెస్ ఇనిషియేటివ్. ఇప్పుడు నడుస్తున్న పరీక్ష 2021 జనవరిలో మొదలైన రెండో రకం. మార్కులు 910 నుంచి 990 మధ్య ఇస్తారు (ఈ వింత లెక్క ఎందుకో అడక్కండి). లెక్కల్లో 950, ఇంగ్లిష్‌లో 945 వచ్చి వ్యాసానికి ఎనిమిదికి ఐదు వస్తే నేరుగా కాలేజీ స్థాయి క్లాసుల్లోకి పంపుతారు. తగ్గితే ఫెయిల్ అని ఇంటికి పంపరు, ఈ పరీక్షని చూపించి సీటు నిరాకరించకూడదని అక్కడి నిబంధనే ఉంది. కాకపోతే అదనంగా సపోర్ట్ క్లాసు తగిలిస్తారు, దానికీ ఫీజు కట్టాలి, ఆ క్రెడిట్లు డిగ్రీలో లెక్కలోకి రావు. తంటా అంతా అక్కడే.

ఒక్క మాట మాత్రం మీ మనవణ్ణి ఈ రాత్రే అడగండి. కాలేజీ అడ్మిషన్ల కోసం హైస్కూలు పిల్లలు రాసే శాట్ పరీక్ష రాశాడా? ఇంగ్లిష్ భాగంలో 480, లెక్కల్లో 530 వచ్చి ఉంటే, ఆ స్కోరుకి ఐదేళ్లు దాటకపోతే, అసలు ఈ టెస్టే అక్కర్లేదు. ఆ కాగితం కాలేజీకి పంపకుండా పరీక్ష ఫీజు కట్టేసి టెస్టింగ్ సెంటర్లో కూర్చునే పిల్లలు బోలెడంత మంది.

ప్రశ్న: నాది 2008 బీటెక్. పెళ్లయి ఇక్కడికొచ్చి పదిహేనేళ్లు, ఇద్దరు పిల్లలు, హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా) మీద ఉన్నాను. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ చదువుదామంటే టీఎస్ఐ రాయమన్నారు. ఇంజినీరింగ్ చదివినదాన్ని పదో తరగతి లెక్కలు చెయ్యమంటే అవమానంగా ఉంది, రాస్తే రాదేమోనని భయంగానూ ఉంది. – ఓ పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అవమానం సంగతి పక్కన పెట్టండి, ఆ కౌంటర్ వెనక కూర్చున్నామెకి మీ బీటెక్ సంగతి తెలియదు. రెండో సగం, ఆ భయం, దాంట్లో నిజం ఉంది కాబట్టి దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు రాయకుండా తప్పించుకునే దారి. డిగ్రీ ఉన్నవాళ్లకి టెక్సస్‌లో టీఎస్ఐ నుంచి మినహాయింపు ఉంది. మీది ఇండియా డిగ్రీ కాబట్టి దాన్ని ఎవాల్యుయేషన్ చేయించి, అంటే అక్కడి ఏ చదువుకి సమానమో ఒక ఏజెన్సీ చేత తేల్పించి, తెమ్మంటారు. ఏ ఏజెన్సీ రిపోర్టు చెల్లుతుందో, మీ డిగ్రీకి మినహాయింపు ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే మీ కాలేజీ అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టి అడగండి, ఫోన్లో కాదు, రాతలో ఉండాలి. లెక్కలకి ఒప్పుకుని ఇంగ్లిష్ మాత్రం రాయమనే చోట్లూ ఉంటాయి, దానికీ సిద్ధంగా ఉండండి.

ఇంకో దారి ఉంది, చాలామంది దీని గురించి అడగరు. మీకు కావలసింది పూర్తి డిగ్రీనా, లేక బుక్‌కీపింగ్ లాంటి చిన్న సర్టిఫికెట్టా? 42 క్రెడిట్ అవర్లు దాటని లెవెల్ వన్ సర్టిఫికెట్ కోర్సులకి టీఎస్ఐ అక్కర్లేదు. మొదట దాంట్లో చేరి, చదువు అలవాటయ్యాక డిగ్రీ సంగతి చూసుకోవచ్చు. నన్నడిగితే పదిహేనేళ్ల గ్యాప్ ఉన్నవాళ్లకి ఇదే మేలు.

రాయక తప్పదంటారా, అప్పుడు పద్ధతి తెలుసుకుని వెళ్లండి. ముందుగా ప్రీ అసెస్‌మెంట్ యాక్టివిటీ అని ఒకటి ఆన్‌లైన్లో పూర్తి చెయ్యాలి, అది లేకుండా పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్షకి టైమ్ లిమిట్ లేదు, అది మనకి పెద్ద వరం. కానీ మన పరీక్ష హాల్లో అలవాటు ఒకటి ఉంటుంది చూశారా, వచ్చినవి ముందు రాసేసి రానివి చివర్లో చూసుకోవడం, అది ఇక్కడ కుదరదు. మీరిచ్చిన జవాబుని బట్టి కంప్యూటరు తర్వాతి ప్రశ్న ఎంచుతుంది, వెనక్కి వెళ్లనివ్వదు. అందుకని మొదటి నాలుగైదు ప్రశ్నలు హడావిడిగా కొట్టేయకండి. ప్రశ్నలు కష్టమవుతున్నాయంటే టెన్షన్ పడకండి, మీరు బాగా చేస్తున్నారని అర్థం. కాలిక్యులేటర్ మీరు తీసుకెళ్లకూడదు, అవసరమైన ప్రశ్నకి స్క్రీన్ మీదే ఇస్తారు.

మన ఆడవాళ్లని ఇబ్బంది పెట్టేది లెక్కలు కాదు, వ్యాసం. ఏదో ఒక విషయం ఇచ్చి అనుకూలమా వ్యతిరేకమా చెప్పమంటారు, 300 నుంచి 600 పదాలు. మనకి స్కూల్లో రెండు పక్షాలూ చెప్పి చివర్లో నీతి వాక్యం పెట్టడం నేర్పారు. ఇక్కడ మొదటి పేరాలోనే ఒక పక్షం తేల్చి చెప్పేసి, మిగతా పేరాల్లో దానికి కారణాలు, ఉదాహరణలు రాయాలి. పిల్లలు స్కూలుకి వెళ్లాక రోజుకొకటి చొప్పున పది వ్యాసాలు రాయండి. మీ పిల్లలు హైస్కూల్లో ఉంటే వాళ్ల చేత దిద్దించుకోండి, వాళ్లకీ సరదాగా ఉంటుంది. ఈ పరీక్ష తయారుచేసే కాలేజ్ బోర్డు వాళ్ల ప్రాక్టీసు ప్రశ్నలు ఆన్‌లైన్లో ఉచితంగానే దొరుకుతాయి, వంద డాలర్ల పుస్తకాలు కొనకండి.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ, బయాలజీలో బీఎస్‌కి అమెరికా యూనివర్సిటీలో సీటొచ్చింది. వెళ్లేలోపు ఇంటి దగ్గరే ఎలెక్స్ అనే మ్యాథ్స్ టెస్టు రాయాలట. మా అన్నయ్య స్నేహితుడు ‘నేను రాసిపెడతా’ అంటున్నాడు. ఇంట్లో కెమెరా కూడా ఉండదట. రాయించుకోవచ్చా? – ఓ విద్యార్థిని, విజయవాడ

జవాబు: వద్దమ్మా. తప్పు, పాపం అని నేను లెక్చర్ ఇవ్వను, నీకే నష్టం, ఎలాగో చెప్తాను విను.

ఎలెక్స్ ప్లేస్‌మెంట్ మెక్‌గ్రా హిల్ కంపెనీది. 30 ప్రశ్నల దాకా ఉంటాయి, స్కోరు వందకి. ఆప్షన్లు దాదాపు ఉండవు, జవాబు నువ్వే టైపు చెయ్యాలి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్‌లో నేర్పే ‘ఆప్షన్లు వేసి చూడు’ చిట్కా ఇక్కడ పారదు. రానిదానికి ‘నాకు తెలియదు’ అని ఒక బటన్ ఉంటుంది, సిగ్గుపడకుండా అది నొక్కమనే పెట్టారు. ఇది ప్రీ కాలిక్యులస్ వరకే, అంటే ఆల్జీబ్రా, ఫంక్షన్లు, లాగరిథమ్స్, ట్రిగొనామెట్రీ.

నువ్వు లెక్కలు చివరిసారి చేసింది పదో తరగతిలో. మీ అన్నయ్య స్నేహితుడు ఎంపీసీ వాడో ఐఐటీ వాడో అయి ఉంటాడు, తొంభై తెచ్చిపెడతాడు. యూనివర్సిటీ సంతోషంగా నిన్ను కాలిక్యులస్‌లో వేస్తుంది. అప్పుడు మొదటి వారమే ప్రొఫెసర్ లిమిట్స్ మొదలుపెడతాడు, నీకు ఫంక్షనంటేనే సరిగ్గా గుర్తుండదు, ఆ స్నేహితుడేమో హైదరాబాద్‌లో నిద్రపోతుంటాడు. క్లాసు డ్రాప్ చేద్దామంటే ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద సెమిస్టరుకి మామూలుగా 12 క్రెడిట్లకి తగ్గకూడదు. ఫెయిలైతే జీపీఏ పోతుంది, స్కాలర్‌షిప్ ఉంటే అదీ పోవచ్చు. ఇక బయటపడి కాలేజీ తీసేస్తే వీసా రికార్డు కూడా రద్దవుతుంది.

అలాగని తక్కువ స్కోరుతో తృప్తిపడమనీ చెప్పను. బయాలజీ వాళ్లు మొదటి ఏడాదే జనరల్ కెమిస్ట్రీ తీసుకోవాలి, చాలా చోట్ల దానికి లెక్కల్లో కొంత స్థాయి ఉంటేనే రానిస్తారు. లెక్కల్లో మరీ కింద పడితే కెమిస్ట్రీ వెనక్కి, దాని వెనక ఆర్గానిక్, దాని వెనక బయోకెమిస్ట్రీ, గొలుసంతా జరుగుతుంది. నాలుగేళ్లది నాలుగున్నరేళ్లవుతుంది, ఆ అర ఏడాది ఫీజు మీ నాన్నగారి జేబులోంచే.

కాబట్టి ఇలా చెయ్యి. ఇవాళే ఎవరి సాయం లేకుండా ఒకసారి రాసెయ్. ఎంతొచ్చినా ఏమీ అనుకోకు. రాశాక నీకు ఏ టాపిక్‌లు రావో పట్టి చూపించే ప్రాక్టీసు మాడ్యూలు తెరుచుకుంటుంది, అసలు సరుకు అదే. రోజుకి రెండు గంటలు, నెలన్నర అందులో కూర్చో. తర్వాత మళ్లీ రాయొచ్చు, ఎన్నిసార్లన్నది మీ యూనివర్సిటీ పేజీలో రాసి ఉంటుంది. మీ అన్నయ్య స్నేహితుడికి అంత ఓపికుంటే రోజూ సాయంత్రం కూర్చుని లాగరిథమ్స్ చెప్పమను.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నాడు. మ్యాథ్స్, ఇంగ్లిష్ ప్లేస్‌మెంట్ టెస్టు తేదీ ఎక్కడా కనపడటం లేదు. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు దీనికోసం బ్యాచ్ పెడుతున్నామంటున్నారు. – ఓ తండ్రి, ఫ్రీమాంట్

జవాబు: తేదీ లేకే కనపడటం లేదు. 2017లో ఏబీ 705 అని చట్టం చేశారు, 2019 ఫాల్ సెమిస్టరు (ఆగస్టులో మొదలయ్యేది) నుంచి అక్కడి కమ్యూనిటీ కాలేజీలు హైస్కూల్ గ్రేడ్లు, చదివిన కోర్సులు చూసే మ్యాథ్స్, ఇంగ్లిష్ క్లాసుల్లో వేస్తున్నాయి. ఆ టెస్టుల వల్ల బాగా చదవగలిగిన పిల్లలు కూడా కింది క్లాసుల్లో ఇరుక్కుపోతున్నారని కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2012లోనే చూపించారు, ఎవరు ఏ క్లాసుకి తగుతారో హైస్కూల్ జీపీఏ ఆ టెస్టులకన్నా నమ్మకంగా చెప్తుందని కూడా. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల పద్ధతి మాత్రం వేరు, మీ అబ్బాయి అక్కడే హైస్కూలు చదివి ఉంటే మీకది అక్కర్లేదు.

ట్రాన్స్‌క్రిప్ట్ (హైస్కూలు మార్కుల రికార్డు) కాలేజీకి చేరిందో లేదో చూసుకోండి, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లుంటే అవీ పంపండి. కోచింగ్ వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే ఈ వారమే వెళ్లి వెనక్కి అడగండి.