అల్లుడూ, జర్మన్ల మాట తీరు గురించి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు మన ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. సూపర్ మార్కెట్లో కౌంటర్ దగ్గరావిడ కసిరిందనీ, కింద వాటాలో ఉండే ముసలావిడ చెత్త గురించి క్లాసు పీకిందనీ, ఎర్ర లైటు ఉండగా రోడ్డు దాటితే ఎవరో పెద్దాయన అవతలి వైపు నుంచి అరిచాడనీ, ప్రొఫెసర్ నీ రిపోర్టు చూసి "ఇది ఇలా పనికిరాదు" అని అందరి ముందూ అనేశాడనీ, మొత్తానికి ఈ జర్మన్లకి మర్యాదే తెలీదనీ అన్నావు. అది విని మీ నాన్న నాకు ఫోన్ చేశాడు, వాడక్కడ ఉండగలడా అని. ఉంటాడులే అన్నయ్యా అని చెప్పాను. నేను హాంబుర్గ్‌లో ఉద్యోగం చేసి, పిల్లల్ని పెంచి, వీళ్ళ మధ్యే జుట్టు నెరిసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో వాదిస్తావు, అందుకే ఉత్తరం.

ముందు ఒక్క మాట పట్టుకో. నీ నాలుగు ఫిర్యాదుల్లోనూ వాళ్ళ కోపం పద్ధతి తప్పినందుకు. అక్కడ నీ బదులు జర్మన్ కుర్రాడు ఉన్నా అదే గొంతుతో అదే మాట పడేది. కావాలంటే ఒక వారం గమనించు, వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎన్నిసార్లు సరిదిద్దుకుంటారో. సైకిల్ దారిలో నడిస్తే గంట కొట్టి మరీ తిడతారు, రైల్లో నిశ్శబ్దంగా ఉండాల్సిన పెట్టెలో ఫోన్ మాట్లాడితే ముందు సీటాయన వెనక్కి తిరిగి చెబుతాడు. మన దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషిని అలా అంటే పెద్ద గొడవైపోతుంది. ఇక్కడ అన్నవాడు అనేసి వెళ్ళిపోతాడు, పడ్డవాడు తల ఊపి ఊరుకుంటాడు. రెండు నిమిషాల్లో ఇద్దరూ మర్చిపోతారు. నువ్వొక్కడివే వారం రోజులు మనసులో పెట్టుకుని తిరుగుతున్నావు.

ఆ ఎర్ర లైటు సంగతే చూడు. నడిచేవాళ్ళకి జరిమానా 5 యూరోలే, దానికి ఎవరూ భయపడరు. కానీ పక్కన చిన్నపిల్లలుంటే మాత్రం రోడ్డు పూర్తిగా ఖాళీగా ఉన్నా ఆగాలి, చాలా సిగ్నళ్ళ దగ్గర పిల్లలకి ఆదర్శంగా ఉండండి అని బోర్డు కూడా పెడతారు. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద వీళ్ళూ దాటేస్తారులే.

కౌంటర్ దగ్గరావిడ విషయానికొస్తే, అక్కడ కొనేవాడు దేవుడు అనే లెక్క లేదు. ఆవిడకి నీ వెనకాల ఉన్న ఏడుగురు కూడా కనపడుతున్నారు. సామాన్లు బెల్టు మీద పెట్టగానే నీ వాటికీ వెనక వాళ్ళవాటికీ మధ్య ఆ కర్ర పెట్టు, ఆవిడ వంక చూసి "హలో" అను, స్కాన్ చేసినవి చేసినట్టు తోపుడు బండిలోకి వేసేసుకో, కార్డు చేతిలో సిద్ధంగా ఉంచుకో, సంచిలో సర్దుకోవడం గోడ పక్కన బల్ల ఉంటుంది అక్కడ చేసుకో. వెళ్ళేటప్పుడు "షోనెన్ టాగ్ నోఖ్" (మీ రోజు బాగా గడవాలి) అని నువ్వే ముందు అను. ఎంత చిరాకులో ఉన్నా తిరిగి అంటుంది, చూడు.

అసలు ఈ పలకరింపు దగ్గరే మనవాళ్ళు ఎక్కువ దెబ్బతింటారు, మనల్ని మర్యాద లేనివాళ్ళు అనుకునేది ఇక్కడే. మన ఊళ్ళో డాక్టరు దగ్గరికెళితే బయట కూర్చున్న పదిమందికీ నమస్కారం పెడతామా? పెట్టం. ఇక్కడ వెయిటింగ్ రూములోకి అడుగుపెట్టగానే అందరినీ ఉద్దేశించి "గూటెన్ టాగ్" అనాలి, అందరూ గొణిగినట్టు బదులిస్తారు, తర్వాత గంటసేపు ఒక్కడు మాట్లాడడు. లిఫ్టులో కూడా అంతే. మెట్ల మీద ఎదురైతే తప్పనిసరి. బేకరీలో నీ వంతు రాగానే "రెండు బ్రెడ్లు" అని మొదలుపెట్టకూడదు, ముందు పలకరింపు, తర్వాత కావలసింది, చివర "బిట్టే", అంటే దయచేసి. మా హాంబుర్గ్‌లో పొద్దున్నైనా రాత్రైనా "మొయిన్" అంటే సరిపోతుంది, మీ స్టుట్‌గార్ట్ వైపు "గ్రూస్ గాట్" అంటారు. ఆఫీసులో, క్యాంటీన్లో మధ్యాహ్నం వేళ "మాల్‌ట్సైట్" (భోజనం వేళ పలకరింపు) అంటారు, కంగారుపడకు, నువ్వూ అదే అను. మన కుర్రాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల దించుకుని, మెట్ల మీద ముసలావిడని దాటుకుని వెళ్ళిపోతారు, సిగ్గుతోనే అనుకో, కానీ ఆవిడ లెక్కలో నువ్వు పొగరుబోతువి. ఇక చెత్త దగ్గర దొరికిపోతే ఊరుకుంటుందా?

చెత్త గురించి ఆవిడ చెప్పింది నిజంగా వినాల్సిన విషయం. ప్లాస్టిక్ ప్యాకింగ్ వేరు, కాగితం వేరు, వంటింటి తడి చెత్త వేరు, మిగిలింది వేరు, గాజు సీసాలు వీధిలో ఉండే డబ్బాల్లో, అవి కూడా ఆదివారం వెయ్యకూడదు, చప్పుడవుతుందని. కలిపేస్తే బండివాళ్ళు డబ్బా ఎత్తకుండా వెళ్ళిపోతారు, తర్వాత విడిగా తీయించే ఖర్చు ఆ బిల్డింగులో అందరి మీదా పడుతుంది. ఆవిడ తన డబ్బు గురించి మాట్లాడింది. ఇంకా నయం, నోటితో చెప్పింది, చాలామంది మెట్ల దగ్గర కాగితం అంటించి పోతారు.

నువ్వున్న స్టుట్‌గార్ట్ ష్వాబియన్ల (ఆ ప్రాంతం వాళ్ళని అలా అంటారు) ఊరు కాబట్టి నీకు కేర్‌వొఖె, అంటే ఊడ్చే వారం, కూడా ఉంటుంది. మెట్లూ, కారిడారూ వారానికొక వాటా వాళ్ళు ఊడ్చి తుడవాలి. ఎవరి వంతు వస్తే వాళ్ళ తలుపుకి చిన్న బోర్డు వేలాడుతుంది. ఆ ఊరివాళ్ళకి ఇది 15వ శతాబ్దం నుంచి ఉన్న అలవాటు అని గొప్పగా చెప్పుకుంటారు. నీ తలుపుకి బోర్డు పడితే శనివారం సాయంత్రం లోపల పని పూర్తిచేసి బోర్డు పక్కవాళ్ళ తలుపుకి తగిలించు. మెట్లు శుభ్రంగానే ఉన్నాయి కదా అని వాదించకు. శుభ్రంగా ఉన్నా తుడవాలి, నువ్వు తుడవడం వాళ్ళు చూడాలి. ఇది కొంచెం అతి అని నాకూ అనిపిస్తుంది, కానీ ఇరవై నిమిషాల పనికి బిల్డింగంతా మంచివాడనిపించుకోవడం చవకే కదరా.

ప్రొఫెసర్ మాట మాత్రం నీకు బాగా గుచ్చుకున్నట్టుంది. చిన్నప్పటి నుంచీ క్లాసు ఫస్టు వచ్చినవాడివి, నీ పని బాలేదని మొహం మీద ఎవరూ అని ఉండరు. కానీ "ఇది పనికిరాదు" అన్నది ఆ రిపోర్టుని. ఆయన మధ్యాహ్నం క్యాంటీన్లో నీ పక్కనే కూర్చుని మీ ఊళ్ళో ఎండల గురించి అడుగుతాడు, నటన అనుకోకు. నీ వైపు వాళ్ళకి ఒక సామెత కూడా ఉంది, తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని. అలాంటప్పుడు పదిసార్లు సారీ చెప్పకు, వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది. ఏ భాగం పనికిరాదు, ఎందుకు, ఎప్పటికి మార్చి ఇవ్వాలి అని అక్కడికక్కడే అడిగి రాసుకో. ఆయన చెప్పింది తప్పనిపిస్తే, నాకు అలా అనిపించడం లేదు, కారణం ఇదీ అని చెప్పు. కోప్పడడు, చాలాసార్లు గౌరవం పెరుగుతుంది.

వీళ్ళకి నిజంగా ఒళ్ళు మండేది మన "సరే సార్, అయిపోతుంది సార్". అర్థం కాకపోయినా తలాడించడం, గురువారం ఇస్తానని శుక్రవారం కూడా చప్పుడు చెయ్యకపోవడం. మనకది పెద్దవాళ్ళకి ఎదురు చెప్పలేని మర్యాద. వాళ్ళ దృష్టిలో అది మాట తప్పడం, మోసం కిందే లెక్క. ఆలస్యం అవుతుందనుకుంటే సోమవారమే చెప్పేసెయ్. "కుదరదు" అనడం నేర్చుకో, ఇక్కడ ఆ మాటకి ఎవరూ అలగరు.

ఇక మొహమాటం. ఇది వదిలించుకోకపోతే ఆకలితో ఛస్తావు, నిజంగానే. జర్మన్ల ఇంట్లో కేకు తింటావా అని ఒక్కసారే అడుగుతారు. నువ్వు మన పద్ధతిలో "అబ్బే వద్దండీ" అంటే ప్లేటు పక్కకి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. కావాలంటే మొదటిసారే కావాలను. అలాగే నీ ఇంటికి వచ్చినవాళ్ళు చాలు అంటే ఆపెయ్, మీ అమ్మలాగా చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించకు, వాళ్ళకి అది బలవంతం. నాలుగింటికి రమ్మంటే నాలుగింటికే వెళ్ళు, పదినిమిషాలు ముందు వెళితే వీధి చివర అటూ ఇటూ తిరిగి రా. పూలో చాక్లెట్లో పట్టుకెళ్ళు. చెప్పులు విప్పమంటారు చాలా ఇళ్ళల్లో, చిల్లుల్లేని సాక్సులు వేసుకో. గ్లాసులు తాకించేటప్పుడు కళ్ళలోకి చూడాలి, నీది ఆపిల్ జ్యూసైనా సరే. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందు చెప్పకు, అశుభమంటారు. ఇంత లెక్కలు కట్టే మనుషులకి అదేం నమ్మకమో నాకిప్పటికీ బోధపడలేదు.

జీతమెంత, పెళ్ళెప్పుడు, పిల్లలెందుకు లేరు, ఇవి మనకి ఆప్యాయత కబుర్లు, ఇక్కడ అడక్కు. "జీ" అనే గౌరవ పిలుపు పెద్దవాళ్ళకీ, ఆఫీసుల్లో, ఇరుగుపొరుగుకీ వాడు. "డూ", అంటే నువ్వు, అని పిలుచుకుందామా అని వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళే ముందు అడగాలి. తోటి విద్యార్థుల మధ్య మొదటినుంచీ "డూ"నే. ఇంకోటి, ల్యాబులో ముగ్గురు తెలుగువాళ్ళూ ఒక జర్మన్ అమ్మాయీ కూర్చుని ఉంటే మీరు ముగ్గురూ తెలుగులో నవ్వుకుంటుంటారు చూడు, ఆ పిల్ల ఏమీ అనదు, కానీ మర్నాటి నుంచి వేరే బల్ల దగ్గర తింటుంది. లోకల్ రైల్లో స్పీకరు పెట్టి అమ్మతో వీడియో కాల్ కూడా ఇదే బాపతు. ఇప్పుడు జర్మనీలో విదేశీ విద్యార్థుల్లో మన దేశం వాళ్ళే అందరికన్నా ఎక్కువ, 2023-24 చలికాలం సెమిస్టర్‌కి దాదాపు 49 వేలమంది. నువ్వు చేసింది నీ ఒక్కడి ఖాతాలో పడదు.

ఇంతా చెప్పి జర్మన్లని మొత్తం వెనకేసుకొస్తున్నానని అనుకోకు. నిజంగా మొరటు మనుషులున్నారు. విదేశీయులని అడిగి చేసే సర్వేల్లో స్నేహంగా ఉండే విషయంలో జర్మనీ ఏటా అడుగు వరుసల్లోనే ఉంటుంది, అది ఊరికే రాదు. వీసా ఆఫీసుల్లో కొందరు మనిషి మొహం కూడా చూడరు, ఇంగ్లిష్ వచ్చినా మాట్లాడరు. అక్కడ బతిమాలకు, గొంతూ పెంచకు. కాగితాలన్నీ ఫైల్లో వరసగా పెట్టుకుని, అపాయింట్‌మెంట్ ప్రింట్ తీసుకుని, జర్మన్ వచ్చిన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళు. కుదరదంటే, ఏ కాగితం తక్కువైందో రాసివ్వమని అడుగు. వీళ్ళకి రాతపూర్వకం అన్న మాట మీద చాలా గౌరవం.

మొరటుతనం వేరు, జాతి వివక్ష వేరు. ఈ రెండూ కలిపేసుకుంటే నీకే నష్టం, ప్రతి కసురూ అవమానంలా తగిలి చివరికి గదిలోంచి బయటికి రావు. అలాగని అన్నీ పద్ధతి కోసమేనని సరిపెట్టుకుంటే, అసలైన అవమానం జరిగిన రోజు కూడా నోరు మూసుకుంటావు. నేను చూసుకునేది ఇంతే: అదే పని జర్మన్ చేస్తే ఈ మనిషి ఇలాగే అనేవాడా? అన్నది నేను చేసిన పని గురించా, నా రంగు గురించా, మీ దేశానికి పో అన్నాడా? రెండో రకమైతే మింగొద్దు. తేదీ, టైము, చోటు, ఎవరు చూశారు, ఏ మాటలన్నాడు, ఆ రోజే రాసిపెట్టుకో. యూనివర్సిటీలో ఇలాంటి ఫిర్యాదులు వినే వాళ్ళుంటారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఉద్యోగంలోనో అద్దె ఇంటి విషయంలోనో వివక్ష చూపకూడదని 2006లో చట్టం వచ్చింది, దాని కింద కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఒకటి ఉచితంగా సలహా ఇస్తుంది. మనిషిని తిట్టి అవమానించడం ఇక్కడ నేరం, శిక్షాస్మృతిలో 185వ సెక్షన్. ఆ సెక్షన్ నీకూ వర్తిస్తుంది, కోపంలో కారువాడికి మధ్యవేలు చూపించావో, వాడు కేసు పెడతాడు. రాత్రిపూట తాగి ఉన్నవాడు ఏదైనా అంటే మాత్రం హక్కుల గురించి ఉపన్యాసం మొదలుపెట్టకు, నలుగురున్న వైపుకి నడిచెయ్, బస్సయితే డ్రైవరు దగ్గరికి వెళ్ళి నుంచో, అవసరమైతే 110కి ఫోన్ చెయ్.

ఉగాదికి ఫ్రెండ్స్‌ని పిలుస్తానన్నావుగా. శనివారం పెట్టుకో. నాలుగు రోజుల ముందే కింద తలుపు దగ్గర చిన్న కాగితం అంటించు: ఫలానా రోజు మా ఇంట్లో పండగ, కొంచెం సందడి ఉంటుంది, ఇబ్బందైతే బెల్లు కొట్టండి, లేదా ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని, కింద పేరూ వాటా నంబరూ. ఆ చెత్త ఆవిడ తలుపు మాత్రం స్వయంగా తట్టి చెప్పు, వస్తే రమ్మను. పోపు పెట్టేటప్పుడు మెట్ల వైపు తలుపు మూసి కిటికీ తెరువు. పదింటికల్లా పాటలు ఆపెయ్, అక్కడి నుంచి పొద్దున్న ఆరింటిదాకా చప్పుడు ఉండకూడదు. మర్నాడు ఆదివారం కాబట్టి సీసాలు సోమవారం పడెయ్యి. కాగితం రాశాక ఫొటో తీసి నాకు పెట్టు, జర్మన్ తప్పులుంటే దిద్దుతాను.

మీ అత్త