ఏఎంఈ కోర్సు: చిన్న తప్పు మెడకు చుట్టుకుంటుందా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. మావాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ (ఏఎంఈ) కోర్సు చేస్తానంటున్నాడు. చిన్న పొరపాటు జరిగినా వందల ప్రాణాలు పోతాయి, ఆ నేరం వీడి మీద పడుతుందని మా భయం. పంపమంటారా?

జవాబు: పంపండి. లైసెన్స్ ఉన్న ఇంజినీరు సంతకం పెట్టనిదే రిపేరుకు వచ్చిన విమానం మళ్లీ ఎగరదు కాబట్టి బాధ్యత పెద్దదే. కానీ అంతా ఒక్క మనిషి జాగ్రత్త మీదే వదిలెయ్యరు. షిఫ్టు అయిపోగానే పనిముట్లు లెక్కపెడతారు. ఒక్క స్పానర్ తగ్గినా, అది విమానంలో లేదని తేలేదాకా విమానాన్ని వదలరు. ఆ సమయంలో "నా చేతిలోంచే జారింది సార్" అన్న కుర్రాణ్ణి తిడితే, ఇంకోసారి ఎవరూ నోరు విప్పరు. అందుకే నిజాయితీగా ఒప్పుకున్న పొరపాటుకు శిక్ష ఉండకూడదని, కావాలని రూల్ తప్పినవాణ్ణి మాత్రం వదలకూడదని ఈ రంగం పెట్టుకున్న పద్ధతి. దీన్నే జస్ట్ కల్చర్ అంటారు. అన్ని కంపెనీలూ దీన్ని ఒకేలా పాటిస్తాయని చెప్పను.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరి 17 వేల అడుగులు దాటాక కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్లిపోయింది. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉంటే, కోపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అదృష్టం, అందరూ బతికారు. అంతకుముందే ఆ అద్దం మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి. తెల్లవారుజామున, సరిగ్గా వెలుతురు లేని చోట, షిఫ్ట్ మేనేజర్ పాత బోల్టుతో కంటితోనే పోల్చి కొత్తవి తెచ్చుకున్నాడు. స్టోర్‌లో ఉన్నాయన "దీనికి వేరే సైజు వాడతారు" అని చెప్పాడు కూడా. కానీ పట్టుబట్టలేదు.

మన పిల్లలకు కష్టం అక్కడే. పెద్దలకు ఎదురు చెప్పొద్దని పెంచాం. విమానాలు రిపేరు చేసే షెడ్డు, అంటే హాంగర్‌లో మాత్రం ఎంత సీనియర్‌నైనా "సార్, మాన్యువల్‌లో ఇంకో నంబర్ ఉంది, ఒక్కసారి చూడండి" అని మర్యాదగా ఆపగలగాలి, చూసేదాకా వదలకూడదు. పొలంలో తన వల్ల మోటారు కాలిపోతే మీవాడు వచ్చి చెబుతాడా, దాస్తాడా? చెబుతాడంటే ఈ పనికి కావాల్సిన గుణం ఉన్నట్టే. దాస్తాడంటే అది మీ కోపానికి భయపడేమో ఆలోచించండి.

ఇక కాలేజీ సంగతి. విమానయాన రంగాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. దాని ఆమోదం ఉన్న సంస్థల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ఏజెంట్ మాట నమ్మొద్దు. కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు. లైసెన్స్‌కు డీజీసీఏ పరీక్షలు పాసవ్వాలి, పని అనుభవమూ చూపాలి. ఇంజిన్, బాడీ వైపు ఇష్టముంటే బీ1 రకం లైసెన్స్, ఎలక్ట్రానిక్స్ అయితే బీ2. రేపు ఉద్యోగానికి షాద్‌నగర్ దాటితే శంషాబాద్‌లోనే జీఎంఆర్ మరమ్మతు కేంద్రం ఉంది.

ఫీజు కట్టేముందు కాలేజీ వర్క్‌షాప్‌లోకి వెళ్లి టూల్ బోర్డు చూడండి. ఒక్కో పనిముట్టుకు దాని ఆకారం గీసిన చోటు ఉండాలి. ఏదైనా ఖాళీగా కనబడితే, అది ఎవరి దగ్గరుందని అడగండి. ఎవరూ చెప్పలేకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.