ఆరాధన నడిపించబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

వచ్చే ఆదివారం నుంచి సంఘంలో ఆరాధన నువ్వే నడిపిస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీకు గొంతు బాగుంది కదా, నా భయమంతా దాని గురించే.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. పాటలు గురువారానికల్లా ఎంచుకో. శ్రుతి అందరికీ అందేలా చూసుకో. మైకు ముందుగా సరిచూసుకో. పాటకీ పాటకీ మధ్య ప్రసంగం చెయ్యకు, దానికి పాస్టర్ గారు ఉన్నారు.

ఇక అసలు సంగతి. ఆరాధన అనగానే మనకి పాటలే గుర్తొస్తాయి. బైబిల్లో ఆదికాండం 22లో అబ్రాహాము, కొడుకుని బలివ్వడానికి వెళ్తూ, నేనూ ఈ చిన్నవాడూ వెళ్లి మొక్కి వస్తామని పనివాళ్లతో చెబుతాడు. ఆ కొండ మీద పాట లేదు, వాయిద్యం లేదు. కట్టెలు, నిప్పు, కత్తి, తను కన్న కొడుకు, అంతే. అక్కడున్న హీబ్రూ మాటకి సాగిలపడటం అని అర్థం. సమరయ స్త్రీతో యేసు, తండ్రిని ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించాలని చెప్పినప్పుడు గ్రీకులో వాడిన మాటా అలాంటిదే. రోమా 12లో పౌలు ఏకంగా మీ శరీరాలనే సజీవయాగంగా ఇవ్వమన్నాడు. పాట వద్దని కాదమ్మా. పౌలు సీలలు చెరసాలలో అర్ధరాత్రి పాడారు. ప్రభువు కూడా శిష్యులతో కీర్తన పాడాకే ఒలీవల కొండకి బయల్దేరాడు. కానీ సాగిలపడని మనిషి కూడా చక్కగా పాడగలదు. నేను పాడాను కాబట్టే చెబుతున్నాను.

అప్పుడు నాకు ముప్పై దాటలేదు. నా పక్కన నిలబడి ఒక అక్క పాడేది. నాకంటే పెద్దది, నాకు సగం పాటలు నేర్పింది. కొన్నాళ్లుగా ఆమె గొంతు శ్రుతి తప్పుతోంది. ఆ మాట నేను ఆమెకి చెప్పకుండా మిగతావాళ్లకి చెప్పాను, కాస్త నవ్వుతూ చెప్పాను. అది ఆమె చెవిన పడింది. ఆ ఆదివారం ఆరాధన మొదలవడానికి ఏడు నిమిషాలుందనగా నా దగ్గరకొచ్చి, "ఒక్క నిమిషం బయటికి వస్తావా, మాట్లాడాలి" అంది. నేను గోడ గడియారం చూసి, "ఆరాధన అయ్యాక చూద్దాం అక్కా, టైమ్ లేదు" అన్నాను.

మత్తయి 5లో ప్రభువు చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు. అర్పణ బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అన్నాడు. ఇంకో మాట గమనించు. నీకు ఎవరి మీదైనా కోపముంటే అనలేదు, నీ సహోదరుడికి నీ మీద ఏమైనా ఉంటే అన్నాడు. నాకు ఆమె మీద ఏమీ లేదు, అందుకే ధైర్యంగా మైకు పట్టుకున్నాను.

రెండో చరణంలో పక్కకి చూశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. పాటల పుస్తకం అంచుని బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది, గోరు తెల్లబడిపోయింది. నేను ఆగలేదు, ఇంకా గొంతెత్తి పాడాను. ఆ రోజు జనం ఏడ్చారు. ఇలాంటి ఆరాధన ఎప్పుడూ చూడలేదన్నారు. నేను సంతోషంగా ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను. ఆమె మళ్లీ నా పక్కన నిలబడలేదు.

నాలుగేళ్లకి సిగ్గు చంపుకొని వాళ్లింటికి వెళ్లాను. ఆ రోజు దెబ్బలాడటానికి వచ్చావేమో అనుకున్నానక్కా అన్నాను. ఆమె బొంగురు గొంతుతో, "కాదే, గొంతు పాడవుతోందని తెలిసింది. మెల్లగా పాడతాను, నువ్వు కాస్త మోస్తావా అని అడుగుదామని వచ్చాను" అంది.

ఆ ఆదివారం పాడుగా జరిగుంటే నేను అప్పుడే పరుగెత్తేదాన్నేమో. బాగా జరిగింది, అదే నన్ను చెడగొట్టింది. మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండని ఆమోసు ప్రవక్త ద్వారా దేవుడు అన్నది, పాట రానివాళ్లతో కాదు తల్లీ.

ఇంకొకటి. చేతులెత్తనివాళ్లనీ చప్పట్లు కొట్టనివాళ్లనీ మైకులో మందలించావని నాకు తెలిస్తే మాత్రం ఊరుకోను. ఆ వారం వాళ్లింట్లో ఏం జరిగిందో నీకేం తెలుసు? 150 కీర్తనల్లో ఎన్ని మొరలున్నాయో చూడు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది ఆరాధన పుస్తకంలోనే ఉంది. నెలకోసారైనా ఏడ్చేవాళ్ల కోసం ఒక పాట పెట్టు.

గట్టిగా రాశానని టెన్షన్ పడకు. చిన్నప్పుడు పల్లవి మర్చిపోతే నా కొంగు లాగేదానివి. ఇప్పుడు మర్చిపోయినా ఏం కాదు, సంఘం అందుకుంటుంది.

శనివారం రాత్రి నాకు ఫోన్ చెయ్యి. ఏ పాటలు ఎంచుకున్నావో తర్వాత చెబుదువుగాని. ఈ వారం నీ వల్ల ఎవరు నొచ్చుకున్నారో, వాళ్ల దగ్గరకి వెళ్లొచ్చావో లేదో ముందు అది చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ