స్థలం అమ్మి ఎంబీఏ చదివించాలా?

ప్రశ్న: నా వయసు 51. ఖమ్మంలో విత్తనాలు, పురుగుమందుల డీలరు దగ్గర అకౌంటెంటుగా చేస్తున్నాను. జీతం 42 వేలు. మా అమ్మాయి బీకాం పూర్తి చేసి, మార్కెటింగ్‌లో ఎంబీఏ చేస్తానంటోంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 4 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. ఈలోగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీటిస్తామన్నారు. హాస్టలుతో కలిపి రెండేళ్లకు 12 లక్షలట. పది రోజుల్లో 50 వేలు కట్టి సీటు ఖాయం చేసుకోమంటున్నారు. నా దగ్గర 7 లక్షల ఎఫ్‌డీ, ఊరి చివర 200 గజాల స్థలం ఉన్నాయి. స్థలం అమ్మాలా, లోన్ తీసుకోవాలా?

జవాబు: ముందు ఆ 50 వేలు ఆపండి. కౌన్సెలింగ్ తేలకముందే మిమ్మల్ని కట్టిపడేయడానికే ఇలాంటి గడువులు పెడతారు. సీటు వద్దనుకుంటే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

స్థలమా, లోనా అన్నది తర్వాతి మాట. అమ్మాయి అందుకునే మొదటి జీతం ఎంత అప్పు మోయగలదో ముందు చూడాలి. మనవాళ్లు కాలేజీ ఖాయం చేసుకున్నాక అప్పు లెక్క వేస్తారు. నేనైతే అప్పు లెక్క వేశాకే కాలేజీ చూడమంటాను.

12 లక్షలూ లోన్ తీసుకున్నారనుకుందాం. సెమిస్టరుకు 3 లక్షల చొప్పున బ్యాంకు కడుతుంది. చదివే రెండేళ్లు, ఆపైన ఇంకో ఏడాది ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 10 శాతం వడ్డీకి ఈఎంఐ మొదలయ్యే నాటికి అప్పు 14 లక్షల 70 వేలు అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 19,400.

ఇప్పుడు జీతం వైపు చూద్దాం. బ్రోషర్లలో ‘6 లక్షల ప్యాకేజీ’ అని వేస్తారు. అలాంటి ఆఫర్ లెటర్ విప్పితే, మార్కెటింగ్ ఉద్యోగమైతే అందులో లక్ష దాకా టార్గెట్ కొడితేనే వచ్చే ఇన్సెంటివ్ ఉంటుంది. కంపెనీ వాటా పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ పేరిట ఇంకో 14 వేలు కూడా అందులోనే. అవి తీసేసి, ఆమె వాటా పీఎఫ్, వృత్తి పన్ను పోగా నెలకు చేతికొచ్చేది 36,700. అందులో 19,400 ఈఎంఐకి పోతే, హాస్టలు అద్దె, తిండి, పెట్రోలు అన్నీ మిగిలిన 17 వేలతోనే సర్దుకోవాలి. ఇంటికి ఫోన్ చేసి డబ్బులడిగే పరిస్థితి అన్నమాట.

ఈఎంఐ జీతంలో మూడో వంతు దాటకూడదన్నది నా లెక్క. అంటే 12 వేలు. దాన్ని వెనక్కి లెక్కేస్తే అప్పు ఏడున్నర లక్షలకు మించకూడదు. సాధారణంగా బ్యాంకులు తాకట్టు లేకుండా ఇచ్చే పరిమితి కూడా అంతే. ఆపైన అడిగితే ఆస్తి పెట్టమంటారు. మీ స్థలానికి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) అయిందా? లింకు డాక్యుమెంట్లు వరసగా ఉన్నాయా? ఊరి చివర వెంచర్లలో ప్లాట్లను బ్యాంకు లాయర్లు తిప్పి పంపడం మామూలే. తొందరలో ఉన్నవాడి స్థలానికి మంచి ధర పలకదు కూడా. అమ్మొద్దు.

ఎఫ్‌డీ జోలికీ వెళ్లొద్దు. ప్రైవేటు ఉద్యోగం, 51 ఏళ్లు. అది మీ భార్యాభర్తలిద్దరిది. అమ్మాయికి సాయం చేయాలనుంటే, ఈఎంఐ మొదలయ్యేదాకా నెలనెలా వడ్డీ మీ జీతంలోంచి కట్టండి. ఏడున్నర లక్షల లోన్‌కు అది మొదట్లో నెలకు 1,600 దగ్గర ఉంటుంది, చివరి సెమిస్టరు వచ్చేసరికి 6,250 అవుతుంది. అలా కడితే ఆమె ఈఎంఐ 12,100 నుంచి 9,900కు దిగుతుంది. చదివే కాలంలో వడ్డీ కట్టేవాళ్లకు చాలా ప్రభుత్వ బ్యాంకులు రేటులో ఒక శాతం తగ్గిస్తాయి, అడగండి. విద్యా రుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా ఊరిస్తే వదిలేయండి. అది పాత పన్ను విధానంలోనే. అయినా మీ జీతానికి పన్నే పడదు.

ఇంకో విషయం. కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు లోన్‌పై ఈఎంఐ మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. మీ ఆదాయం 5 లక్షలే కాబట్టి సరిపోతుంది. కానీ కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి, సీటు మెరిట్ మీద రావాలి. మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. మీకు చూపిస్తున్న సీటుకు ఆ దారి మూసుకుపోయినట్టే.

అందుకే ఐసెట్ కౌన్సెలింగ్‌లో కూర్చోండి. మీ ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అయినా కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటుకు ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేసిన ఫీజే కడతారు. నిరుటి చివరి ర్యాంకులు చూసుకుని వెబ్ ఆప్షన్లు పెట్టుకోండి. ఖరీదైన చదువులన్నీ దండగని నేననను. రేపు క్యాట్ రాసి విశాఖ ఐఐఎంలోనో మరో ఐఐఎంలోనో సీటు తెచ్చుకుంటే, ఇంతకంటే పెద్ద మొత్తమైనా బ్యాంకులు తాకట్టు లేకుండా ఇస్తాయి. అక్కడ బయటికొచ్చేవాళ్ల జీతాలేమిటో బ్యాంకుకు తెలుసు. మీరు చెప్పిన యూనివర్సిటీకి అదే బ్యాంకు తాకట్టు అడిగిందంటే, ఎందుకు అడిగిందో ఆలోచించండి.

కాలేజీకి ఫోన్ చేసినప్పుడు ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ అడగొద్దు. నిరుడు మార్కెటింగ్‌లో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వరసలో సరిగ్గా నడిమధ్య ఉన్నవాడి జీతమెంత అని అడగండి. తడబడితే ఫోన్ పెట్టేయండి.

చివరగా, మీ షాపుకు విత్తన కంపెనీల సేల్స్ ఆఫీసర్లు వస్తూనే ఉంటారు కదా. మార్కెటింగ్ ఎంబీఏ చదివినవాళ్లలో చాలామంది మొదలుపెట్టేది ఆ పనితోనే: డీలరు డీలరు దగ్గరికీ తిరగడం, బాకీలు వసూలు చేయడం, నెలాఖరుకు టార్గెట్ టెన్షన్. ఈసారి ఎవరైనా వస్తే టీ ఇప్పించి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టండి. ఏం చదివాడో, చేతికెంత వస్తుందో, ఆ చదువు పనిలో ఎంత అక్కరకొచ్చిందో ఆమెనే అడగనివ్వండి.